పాత పామ్, పాకెట్ పీసీ, సయాన్‌లలో ఏ ఫైల్ నడుస్తుందో తెలుసుకోవడం ఎలా?

"అమెరికా నుంచి మావయ్య తెచ్చిన పామ్ బీరువాలో దొరికిందండీ, సెల్లులు వేస్తే వెలిగింది, నెట్‌లో ఏవేవో ప్రోగ్రాములు దింపాను, ఒక్కటీ ఎక్కడం లేదు, ఎందుకు?" గుంటూరులో, బెజవాడలో నాకు తెలిసినవాళ్లు కనీసం నెలకొకరు ఈ ప్రశ్న అడుగుతున్నారు. మిషన్ పేరు మారుతుందేమో గానీ ప్రశ్న మాత్రం అదే. పామ్, పాకెట్ పీసీ, సయాన్ అంటే స్మార్ట్‌ఫోన్లకు ముందు వచ్చిన, చేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను, పక్కన పెట్టుకుని చేసుకోండి.

ముందే ఒక మాట. ఫైల్ పేరు చివర ఉండే మూడక్షరాలను నమ్మకండి. మన మిర్చి యార్డులో టిక్కీ మీద రాసింది చూసి ఎవరూ సరుకు కొనరు కదా, టిక్కీ విప్పి చేత్తో కాయ తీసి చూస్తారు. ఇక్కడా అంతే. ఫైల్ తెరిచి లోపల మొదటి వంద బైట్లు చూస్తే అది ఏంటో, ఏ మిషన్‌దో చాలావరకు తెలిసిపోతుంది. అది చూడటం నేర్పడానికే ఇదంతా.

కావలసినవి

పాత మిషన్, దాని ఛార్జర్ లేదా సెల్లులు. మన ఎండలకి బీరువా పైన డబ్బాలో ఏళ్ల తరబడి పడి ఉన్న మిషన్లలో సెల్లులు కారిపోయి స్ప్రింగుల మీద పచ్చగా, తెల్లగా పొడి కడుతుంది. ముందు దాన్ని ఇయర్ బడ్‌తో, కొద్దిగా నిమ్మరసంతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. లోపల ఉండే బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు, ముందు దాన్ని మార్పించండి.

విండోస్ లేదా లినక్స్ ఉన్న కంప్యూటర్. విండోస్‌లో అయితే హెచ్ఎక్స్‌డీ అనే ఉచిత హెక్స్ ఎడిటర్ (ఫైల్‌లోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించేది), జిప్‌లు విప్పే 7-జిప్. లినక్స్‌లో అయితే ఎక్స్ఎక్స్‌డీ కమాండ్ చాలు.

మిషన్‌కి కార్డు స్లాట్ ఉంటే 2 జీబీ లేదా అంతకంటే తక్కువ ఎస్‌డీ కార్డు, కార్డ్ రీడర్. ఇక్కడ చాలామంది పొరపాటు పడుతున్నారు. ఇప్పుడు దొరికే 16, 32 జీబీ కార్డులు ఎస్‌డీహెచ్‌సీ రకం, 2005కి ముందు మిషన్లు వాటిని అసలు గుర్తుపట్టవు. బీసెంట్ రోడ్డులో కొత్త షాపుల్లో తిరిగే బదులు, ఇంట్లో పాత డిజిటల్ కెమెరా ఉంటే అందులో చూడండి, సరైన కార్డు అక్కడే ఉండొచ్చు. కార్డును ఫ్యాట్ 16లో ఫార్మాట్ చేయండి.

1. ముందు మీ మిషన్ ఏంటో తెలుసుకోండి

ఫైల్ సంగతి తర్వాత. మిషన్ గురించి రెండు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షన్, ప్రాసెసర్ ఏది.

పామ్ అయితే హోమ్ స్క్రీన్‌లో మెనూ నొక్కి, యాప్‌లో ఇన్ఫో తెరిచి, కింద వెర్షన్ నొక్కండి. 3.5, 4.1, 5.2 ఇలా ఏదో నెంబర్ కనిపిస్తుంది. 5 కంటే తక్కువైతే లోపల మోటరోలా 68కే కుటుంబం ప్రాసెసర్, 5 అయితే ఆర్మ్. ఈ తేడా నాలుగో మెట్టులో పనికొస్తుంది.

పాకెట్ పీసీ అయితే స్టార్ట్, సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్. ప్రాసెసర్ పేరు అక్కడే రాసి ఉంటుంది. 2000లో వచ్చిన తొలి పాకెట్ పీసీల్లో మూడు రకాల ప్రాసెసర్లు ఉండేవి: కాంపాక్ ఐప్యాక్ 3600లో ఆర్మ్, క్యాసియో ఈ-125లో మిప్స్, హెచ్‌పీ జోర్నాడా 540 వరుసలో ఎస్‌హెచ్3. ఒకదాని ప్రోగ్రాం ఇంకోదాంట్లో నడవదు. పాకెట్ పీసీ 2002 నుంచి అన్నీ ఆర్మ్ మీదికే వచ్చేశాయి.

ప్రాసెసర్ ఒకటే అయితే సరిపోతుందా అని కూడా అడుగుతుంటారు. సరిపోదు. బెంగళూరులో తయారైన మన సింప్యూటర్‌లో ఉన్నదీ, ఐప్యాక్ 3600లో ఉన్నదీ స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్పే. కానీ సింప్యూటర్ లినక్స్ మీద నడుస్తుంది, ఐప్యాక్ విండోస్ సీఈ మీద నడుస్తుంది, కాబట్టి దాని ఫైల్ దీనికి పనికిరాదు. రెండూ కలవాలి.

2. ఎక్స్‌టెన్షన్ కనపడేలా చేసుకోండి

విండోస్ మామూలుగా ఫైల్ చివరి అక్షరాలను దాచేస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. ఇది చేయకపోతే పీఆర్‌సీ (పామ్ ప్రోగ్రాం ఫైల్) అనుకున్నది నిజానికి పీఆర్‌సీ.టీఎక్స్‌టీ కావచ్చు, లేదా ఇంకా విప్పని జిప్ కావచ్చు. జిప్‌ను జిప్‌గానే పామ్‌లోకి పంపించి "ఎక్కడం లేదు" అన్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. ముందు విప్పండి, లోపల రీడ్‌మీ ఉంటే ఓపిగ్గా చదవండి, ఆ రోజుల్లో ప్రోగ్రాం రాసినవాళ్లు ఏ మిషన్‌కి ఏ ఫైల్ వేయాలో అందులోనే రాసేవారు.

3. ఫైల్ లోపల చూడండి

ఫైల్‌ను కాపీ చేసుకుని, ఆ కాపీని మాత్రమే హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. అసలు దాన్ని ముట్టుకోవద్దు, పొరపాటున ఒక్క బైటు మారి సేవ్ అయినా ఫైల్ చెడిపోవచ్చు. ఎడమవైపు ఒక్కో బైటు రెండేసి గుర్తులుగా (0-9, ఏ-ఎఫ్), కుడివైపు అక్షరాలు, వరుసకి 16 బైట్లు కనిపిస్తాయి. టెన్షన్ పడకండి, అన్నీ అర్థం కావాల్సిన పనిలేదు. మొదటి ఐదు వరుసలు చూస్తే చాలు.

మొదట్లో పీ, కే ఉంటే అది జిప్. జావా ఫోన్ల జార్ కూడా జిప్పే, పేరు మాత్రం వేరు.

ఎమ్, జడ్ ఉంటే ఈఎక్స్‌ఈ (విండోస్ ప్రోగ్రాం) లేదా డీఎల్ఎల్ (ప్రోగ్రాములు వాడుకునే తోడు ఫైల్). ఏ ప్రాసెసర్‌దో ఐదో మెట్టులో చూద్దాం.

ఎమ్, ఎస్, సీ, ఎఫ్ ఉంటే క్యాబ్, అంటే పాకెట్ పీసీలో ప్రోగ్రాం ఎక్కించే మూట.

"ప్యాకేజ్" అని ఇంగ్లీషులో రాసి పక్కన 0 లేదా 1 ఉంటే అది యాపిల్ వాళ్ల పాత చేతి కంప్యూటర్ న్యూటన్ ఫైల్.

మొదటి రెండు వరుసల్లో ఏదో ప్రోగ్రాం పేరు చదవగలిగేలా ఉండి, తర్వాత కొంత చెత్త, నాలుగో వరుస చివర నాలుగక్షరాలు, వెంటనే ఐదో వరుస మొదట ఇంకో నాలుగక్షరాలు కనిపిస్తే అది పామ్ ఫైల్. ఆ ఎనిమిది అక్షరాలే మనకి ముఖ్యం.

లెస్ దెన్ గుర్తు పెట్టి హెచ్‌టీఎమ్ఎల్ అని మొదలైతే మీకు ఫైల్ దొరకలేదు, "పేజీ లేదు" అని చెప్పే వెబ్ పేజీని మీ బ్రౌజర్ ఫైల్ పేరుతో దాచిపెట్టింది. పాత సైట్లలో ఇది చాలా మామూలు. మళ్లీ వేరేచోట దింపుకోండి.

4. పామ్ ఫైళ్లు

పామ్‌లో రెండే ఎక్స్‌టెన్షన్లు ముఖ్యం: పీఆర్‌సీ, పీడీబీ. పీఆర్‌సీ అంటే ప్రోగ్రాం, పీడీబీ అంటే సమాచారం అని అందరూ చెబుతారు. చాలాసార్లు నిజమే, కానీ మనవాళ్లు బోల్తా పడేది ఈ వాక్యం దగ్గరే. రెండింటికీ పై తొడుగు ఒకటే, 78 బైట్ల హెడర్. మొదటి 32 బైట్లు పేరు, సున్నా నుంచి లెక్కిస్తే 60వ బైటు నుంచి నాలుగక్షరాల టైప్, 64 నుంచి నాలుగక్షరాల క్రియేటర్. టైప్ అంటే అది ఏ రకం వస్తువు అని, క్రియేటర్ అంటే అది ఎవరి తాలూకు అని.

టైప్ దగ్గర చిన్న అక్షరాల్లో ఏ, పీ, పీ, ఎల్ ఉంటే అదే అసలు ప్రోగ్రాం, ఎక్కిస్తే ఐకాన్ వస్తుంది.

ఎల్, ఐ, బీ, ఆర్ ఉంటే అది లైబ్రరీ. దానికి ఐకాన్ రాదు, వేరే ప్రోగ్రాం దాన్ని వాడుకుంటుంది. "ఎక్కించాను, కనపడటం లేదు" అని తీసేయకండి, దాన్ని తీసేస్తే పక్క ప్రోగ్రాం ఆగిపోతుంది.

పెద్ద అక్షరాల్లో హెచ్, ఏ, సీ, కే ఉంటే అది హ్యాక్, అంటే సిస్టమ్ పనితీరునే మార్చే చిన్న ముక్క. హ్యాక్‌మాస్టర్ లేదా ఎక్స్-మాస్టర్ ఉంటేనే పనిచేస్తుంది. వెర్షన్ 5 మిషన్‌లో వేయనే వద్దు.

టైప్ బుక్, క్రియేటర్ మోబి అని పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే అది మోబీపాకెట్ పుస్తకం, దాని ఎక్స్‌టెన్షన్ పీఆర్‌సీ అయినా సరే. చదివే ప్రోగ్రాం లేకుండా అది తెరుచుకోదు. నన్ను అడిగినవాళ్లు "పాడైపోయిన పీఆర్‌సీ" అని పంపినవాటిలో సగానికి పైగా ఇవే, పాడైనవేమీ కావు, పుస్తకాలు.

టెక్స్ట్, రీడ్ అని, చివరి అక్షరం ఒక్కటే తేడాగా పెద్ద చిన్న అక్షరాలు కలిపి ఉంటే అది పామ్ డాక్, అంటే మామూలు పాఠ్యం. తెలుగు కథలు దీంట్లోకి మార్చి చదవాలని ఒక మాస్టారు చాలా ఆశపడ్డారు, పాపం. పామ్ ఓఎస్‌లో యూనికోడ్ లేదు, అందుకే మన అక్షరాలు చెత్తగా కనిపిస్తాయి. ఫైల్ తప్పు కాదు, మీ తప్పూ కాదు. పేజీలను బొమ్మలుగా మార్చి, బొమ్మలు చూపించే ప్రోగ్రాంలో చదువుకోవడం ఒక్కటే తేలికైన దారి.

పీక్యూఏ అని ఇంకోటి కనిపించొచ్చు. 1999లో వచ్చిన పామ్ 7 కోసం చేసిన వెబ్ క్లిప్పింగ్ ఫైళ్లు అవి. వాటికి అవతల జవాబిచ్చే సేవలు ఎప్పుడో మూసేశారు కాబట్టి వదిలేయండి.

పీడీబీ పేరుతో పామ్‌కి సంబంధమే లేనివి కూడా దొరుకుతాయి. ప్రొటీన్ల నిర్మాణం రాసే ఫైళ్లకి అదే ఎక్స్‌టెన్షన్, విజువల్ స్టూడియో డీబగ్ ఫైళ్లకీ అదే. నాలుగు, ఐదు వరుసలు చూస్తే తేలిపోతుంది.

ఇక ఎక్కువ నష్టం చేసే పొరపాటు. పామ్ కంప్యూటర్‌లోని ఫైల్ పేరు పట్టించుకోదు, హెడర్ లోపలి పేరే చూస్తుంది. ఒక ఆట పాత వెర్షన్‌ను, కొత్త వెర్షన్‌ను వేరే వేరే ఫైల్ పేర్లతో రెండూ పెట్టుకుందామని ఎక్కిస్తే, లోపలి పేరు ఒకటే కాబట్టి రెండోది మొదటిదాని మీద పడిపోతుంది. ప్రోగ్రాం తీసేసేటప్పుడు కూడా జాగ్రత్త, అదే క్రియేటర్ ఉన్న డేటా అంతా దాంతోపాటే పోతుంది. ముందు ఆ పీడీబీలను కంప్యూటర్‌లోకి తెచ్చుకోండి.

వెర్షన్ సంగతి: పాత 68కే ప్రోగ్రాములు వెర్షన్ 5 మిషన్‌లో ఎక్కువ శాతం నడుస్తాయి, ఎందుకంటే పేస్ అనే అనుకరణ పొర అందులోనే ఉంది. నేరుగా హార్డ్‌వేర్‌ని తడిమే ఆటలు మాత్రం ఆగిపోతాయి. తిరగేసి, వెర్షన్ 5 కోసం రాసింది 3.5లో వేస్తే కొత్త వెర్షన్ కావాలని అడుగుతుంది, లేదా ఫేటల్ ఎక్సెప్షన్ అని బిగుసుకుపోతుంది.

5. పాకెట్ పీసీ ఫైళ్లు

ఇక్కడ గందరగోళం ఈఎక్స్‌ఈ దగ్గర. ఒకే ఎక్స్‌టెన్షన్‌తో రెండు రకాలు ఉంటాయి. ఒకటి మీ కంప్యూటర్‌లో నడిపితే యాక్టివ్‌సింక్ (పాకెట్ పీసీని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం) ద్వారా మిషన్‌లోకి పంపే ఇన్‌స్టాలర్, రెండోది మిషన్‌లోనే నేరుగా నడిచే ప్రోగ్రాం. పేరు చూస్తే తేడా తెలియదు. హెక్స్ ఎడిటర్‌లో కొంచెం కిందికి దిగితే పీ, ఈ అనే రెండక్షరాలు, వాటి వెనక రెండు సున్నా బైట్లు ఉంటాయి. ఆ వెంటనే వచ్చే రెండు బైట్లే ప్రాసెసర్ గుర్తు:

4సీ 01 ఉంటే మామూలు పీసీది. సీ0 01 లేదా సీ2 01 ఉంటే ఆర్మ్. 66 01 ఉంటే మిప్స్. ఏ2 01 ఉంటే ఎస్‌హెచ్3.

4సీ 01 వచ్చినదాన్ని మిషన్‌లోకి కాపీ చేసి నొక్కితే "ఇది సరైన పాకెట్ పీసీ అప్లికేషన్ కాదు" అనే అర్థంలో సందేశం వస్తుంది. అలాంటిది దొరికితే 7-జిప్‌తో విప్పి చూడండి, చాలావాటిలో లోపల క్యాబ్‌లు ఉంటాయి, పేర్లలోనే ఆర్మ్, మిప్స్, ఎస్‌హెచ్3 అని రాసి ఉంటుంది, మీ ప్రాసెసర్‌ది తీసుకోండి. విప్పడానికి కుదరకపోతే ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్‌లో యాక్టివ్‌సింక్ వేసి అక్కడ నడపండి. యాక్టివ్‌సింక్ ఫోల్డర్ కింద ఆ ప్రోగ్రాం పేరుతో క్యాబ్‌లు మిగులుతాయి, వాటిని దాచుకోండి.

క్యాబ్‌ను మిషన్‌లోకి కాపీ చేసి దాని మీద ఒకసారి నొక్కితే ఎక్కుతుంది. హెచ్చరిక: పాత పాకెట్ పీసీలు ఎక్కించడం అయిపోగానే ఆ క్యాబ్‌ను తుడిచేస్తాయి. మీ దగ్గర ఒక్క కాపీనే ఉండి, దాన్నే కార్డు మీద పెట్టి నొక్కితే ఇక లేనట్టే. ముందే రీడ్-ఓన్లీ పెట్టండి, కంప్యూటర్‌లో ఇంకో కాపీ ఉంచండి.

ఫైల్ సరైనదే అయినా "ఫైల్ గానీ దాని భాగాల్లో ఒకటి గానీ దొరకలేదు" అని వస్తే, డీఎల్ఎల్ ఏదో లేదని అర్థం. డాట్ నెట్ కాంపాక్ట్ ఫ్రేమ్‌వర్క్ అనే మైక్రోసాఫ్ట్ తోడు సాఫ్ట్‌వేర్ అవసరమేమో రీడ్‌మీలో చూడండి.

6. సయాన్, నోకియా

1997 నాటి సయాన్ సిరీస్ 5, తర్వాతి 5ఎమ్ఎక్స్ మిషన్లలో ప్రోగ్రాములు సిస్ అనే ఎక్కించే ఫైళ్లుగా వస్తాయి. లోపల ఏపీపీ ఫైల్ ఉంటుంది, అది సిస్టమ్ ఫోల్డర్‌లో యాప్స్ కింద తన పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే కూర్చోవాలి. బయట పెడితే ఐకాన్ రాదు. ఓపీఓ అంటే ఓపీఎల్ భాషలో రాసిన ప్రోగ్రాం, దాన్ని ఎక్కడినుంచైనా నడపొచ్చు.

సయాన్ సాఫ్ట్‌వేరే తర్వాత సింబియన్‌గా మారింది కాబట్టి నోకియాల్లోనూ సిస్ ఉంది. పేరు ఒకటే, కానీ సయాన్‌ది నోకియాలో నడవదు. మొదటి నాలుగు బైట్లు 7ఏ 1ఏ 20 10 అయితే అది సింబియన్ 9, అంటే ఎస్60 మూడో ఎడిషన్, దాని తర్వాతి ఫోన్లది. అలా కాకుండా తొమ్మిదో బైటు నుంచి 19 04 00 10 ఉంటే అంతకంటే పాతది. కొత్తరకంలో "సర్టిఫికెట్ గడువు తీరింది" అని ఆగిపోతే ఫోన్ తేదీని ఆ ప్రోగ్రాం వచ్చిన సంవత్సరానికి వెనక్కి మార్చి ఎక్కించి, మళ్లీ సరిచేసుకోండి. ఒక్క జాగ్రత్త, 2004లో బ్లూటూత్ ద్వారా పాకిన కబీర్ పురుగు (వైరస్ లాంటిది) కూడా సిస్ ఫైలే, కాబట్టి ఎవరి పాత ఫోన్ నుంచో తీసిన, ఊరూపేరూ లేని సిస్ ఎక్కించొద్దు.

7. ఎక్కించే ముందు బ్యాకప్

ఇది దాటేయకండి. పాత పామ్‌లు, విండోస్ మొబైల్ 5 (పాకెట్ పీసీ సిస్టమ్ తర్వాతి వెర్షన్)కి ముందు పాకెట్ పీసీలు అన్నీ ర్యామ్‌లోనే దాచుకుంటాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే అంతా పోతుంది. మా ఇంట్లో పామ్ ఎమ్100లో నేను రెండు హ్యాక్‌లు ఒకేసారి ఆన్ చేశాను, అది మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ ఉండిపోయింది, ఏం చేయాలో తెలియక హార్డ్ రీసెట్ చేసేశాను. నాన్నగారు ఏళ్లపాటు ఎక్కించుకున్న ఫోన్ నెంబర్లన్నీ పోయాయి. పైకి బాణం బటన్ నొక్కి పట్టుకుని వెనకున్న రీసెట్ రంధ్రంలో పిన్నుతో నొక్కి ఉంటే హ్యాక్‌లు లోడ్ కాకుండానే మిషన్ లేచేది, డేటా ఉండేది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, మీరు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. పవర్ బటన్ పట్టుకుని రీసెట్ చేస్తే మాత్రం అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

పామ్‌కి ఒకసారి హాట్‌సింక్ (కంప్యూటర్‌తో కలిపి డేటా ఇచ్చిపుచ్చుకోవడం) చేస్తే కంప్యూటర్‌లో మీ యూజర్ పేరు ఫోల్డర్ కింద బ్యాకప్ ఫోల్డర్ తయారవుతుంది. దాన్ని వేరేచోటికి కాపీ చేయండి. 64-బిట్ విండోస్‌లో పామ్ యూఎస్‌బీ డ్రైవర్ ఎక్కదు, అందుకే చాలామందికి ఇక్కడ పని ఆగిపోతుంది. ఎక్స్‌పీ ఉన్న పాత ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకోండి, లేదా లినక్స్‌లో పైలట్-లింక్ అనే ప్రోగ్రాం వాడండి. కార్డు స్లాట్ ఉన్న పామ్‌కి ప్రోగ్రాములు ఎక్కించాలంటే ఇవేమీ అక్కర్లేదు, కార్డులో పామ్ అనే ఫోల్డర్, దాని లోపల లాంచర్ అనే ఫోల్డర్ ఇంగ్లీషులో చేసి పీఆర్‌సీని అందులో వేస్తే చాలు.

మిషన్ మీద నేరుగా ప్రయోగం చేయడానికి భయమైతే, క్లౌడ్‌పైలట్ అనే పామ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో పామ్‌ని అనుకరించేది) బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ముందు అక్కడ వేసి చూడండి.

8. సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకోవడం

పామ్‌లో ఐకాన్ కనపడకపోతే ముందు కుడివైపు పైన ఉన్న కేటగిరీని ఆల్‌కి మార్చండి. కొత్తగా ఎక్కినవి అన్‌ఫైల్డ్‌లోకి వెళ్తాయి, మీరు వేరే కేటగిరీలో ఉంటే కనపడవు. ఆ తర్వాత యాప్, ఇన్ఫో, సైజ్ చూడండి. అక్కడ పేరు ఉండి ఐకాన్ లేకపోతే అది లైబ్రరీ కావచ్చు, లేదా డేటా కావచ్చు. అక్కడా పేరు లేకపోతే అసలు ఎక్కలేదు, మెమరీ సరిపోలేదేమో చూడండి, ఎమ్100లో ఉన్నది 2 ఎంబీయే.

పాకెట్ పీసీలో సెట్టింగ్స్, సిస్టమ్, రిమూవ్ ప్రోగ్రామ్స్ జాబితాలో పేరు రావాలి. క్యాబ్ కాకుండా ఈఎక్స్‌ఈని నేరుగా కాపీ చేసినవాళ్లకి ఆ జాబితాలో రాదు, స్టార్ట్ మెనూలోనూ రాదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నుంచే తెరవాలి.

తెరిచి, ఏదైనా ఒకటి రాసి, సేవ్ చేసి, బయటికి వచ్చి, మిషన్‌ను ఒకసారి సాఫ్ట్ రీసెట్ (డేటా పోకుండా మళ్లీ మొదలుపెట్టడం) చేసి మళ్లీ తెరవండి. రాసింది ఉంటే ఫైల్ మీ మిషన్‌దే. ఒక్కో ప్రోగ్రాం ఎక్కించాక ఒక్కోసారి ఇలా చూసుకోండి, పది ఒకేసారి ఎక్కించి పాడైతే ఏది పాడుచేసిందో పట్టుకోవడానికి ఆదివారం మొత్తం పోతుంది.